ఎడమవైపు వెనక చక్రం

మొన్న పొద్దున షట్టర్ ఎత్తి ఎయిర్ మిషన్ ఆన్ చేసేలోపే ఒక తెల్ల సెడాన్ వచ్చి షాపు ముందు ఆగింది. నంబరు చూడలేదు. చక్రాలు చూసి గుర్తుపట్టాను. ఐదు రేకుల పువ్వులా ఉండే ఆ పదహారంగుళాల అల్లాయ్ చక్రాలు మా షాపులో బిగించినవే. మేడం చాలా రోజులకు వచ్చిందనుకుంటూ కుర్చీ తుడిచి బయటికి వచ్చాను.

డ్రైవర్ సీట్లోంచి దిగింది ఎవరో కొత్త మనిషి. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్తాడట. బండి ఈమధ్యే కొన్నాడట. పదిహేడంగుళాల చక్రాలు వేయించుకుందామని వచ్చానన్నాడు. ఈ బండి మేడం ఏదని అడిగాను.

"ఆవిడ పోయారండి. నిద్రలోనే పోయారట. వాళ్ళ చుట్టాల దగ్గర తీసుకున్నాను," అన్నాడు.

పదిహేడు ఎందుకు వద్దో అతనికి చెప్పడం మొదలుపెట్టాను. రోజూ నలుగురికి చెప్పే మాటలే. చక్రం ఎంత పెరిగితే టైరు పక్కగోడ, అంటే చక్రం అంచు నుంచి నేలదాకా ఉండే రబ్బరు, అంత తగ్గాలి, నేల నుంచి పైదాకా మొత్తం ఎత్తు కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి, లేకపోతే స్పీడ్ మీటర్ అబద్ధం చెప్తుంది, మలుపుల్లో టైరు మడ్‌గార్డ్‌కి రాసుకుంటుంది. ఆ రాసుకోవడం అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. మిగతాది యూసుఫ్ భాయ్‌ని చెప్పమని లోపలికి వెళ్ళి కూర్చున్నాను. యూసుఫ్ భాయ్ మా నాన్న కాలం నుంచి మా దగ్గర ఉన్న మేస్త్రీ. అతనూ ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమవైపు వెనక చక్రం దగ్గర ఆగి, జాకీ తెచ్చుకోవడానికి పోయాడు.

ఆవిడ పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం తెలియని ఇల్లుండదు. కృష్ణానగర్‌లో ఉండేది. డబ్బింగ్ చెప్పేది. సీరియళ్ళలో గయ్యాళి అత్తలు, వేరే భాషల నుంచి వచ్చిన సినిమాల్లో వదినలు, తల్లులు, లాయర్లు, పోలీసాఫీసర్లు. "తెర మీద నేను చచ్చినన్నిసార్లు ఇంకెవరూ చచ్చుండరమ్మా," అనేది. ఆ మాట కూడా గొంతు పెంచకుండా, పక్కనున్న వాళ్ళకే వినపడేలా అనేది. గొంతు ఆవిడకు పనిముట్టు. ఎండాకాలంలో కూడా మెడకు పల్చటి స్కార్ఫ్ చుట్టుకునేది. మేము ఇచ్చే కూలింగ్ నీళ్ళు ముట్టేది కాదు. లవంగం వేసిన వేడినీళ్ళ ఫ్లాస్క్ ఎప్పుడూ ముందు సీట్లో పక్కన ఉండేది. బండిలో హారన్ కొట్టడం కూడా ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. అడ్డం వచ్చినవాడు పోయేదాకా ఆగేది.

ఇంకో అలవాటుండేది. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్ళలోకి చూసేది కాదు, పెదవులకేసి చూసేది. ఈ షాపు మా నాన్న సిరిసిల్లలో మగ్గం వదిలేసి వచ్చి పంజాగుట్టలో పెట్టింది. ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను. వచ్చినవాళ్ళు ముందు నా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడా అని చూస్తారు. ఆవిడ చూడలేదు. మొదటిరోజు సరాసరి వచ్చి నా నోటి వైపు చూస్తూ నిలబడింది. పళ్ళలో ఏమైనా ఇరుక్కుందేమో అనుకున్నాను.

ఒకసారి నా చేతులు గ్రీజులో ఉన్నప్పుడు బల్ల మీద ఫోన్ మోగింది. ఆవిడ తీసి, "హా చెప్పుండ్రి అన్న, సామాన్ వచ్చింది, జర ఆగి రండ్రి," అంది. అది నా గొంతు. నా యాస, నేను చెప్పుండ్రి దగ్గర కొంచెం సాగదీసే తీరు కూడా. అవతలి మనిషి సరే అక్కా అని పెట్టేశాడు. యూసుఫ్ భాయ్ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ రోజంతా ఎవరితో మాట్లాడినా నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మొదటిసారి వచ్చినప్పుడు పదహారంగుళాల చక్రాలు నాలుగూ ముందే కొనేసి డిక్కీలో, వెనక సీట్లో వేసుకొని వచ్చింది. బండికి ఉన్నవి పదిహేను. గుంతల్లో పడి పడి రెండు రింలు వంకరపోయాయి. స్టూడియోలో ఎవరో పెద్ద చక్రాలు వేస్తే బండి ఎత్తు పెరుగుతుందని చెప్పారట. నిజమేనా అని అడిగింది.

చాలామంది అలాగే అనుకుంటారు. నేను చాక్‌పీసు తీసుకొని నేల మీద రెండు చక్రాలు గీశాను. లోపలి వలయం ఇనుప చక్రం, బయటి వలయం టైరు. లోపలిది పెద్దదై బయటిది అలాగే ఉంటే బండి ఒక్క వెంట్రుక కూడా లేవదు. మధ్యలో ఉన్న రబ్బరు పల్చబడుతుంది, అంతే. గుంతలో పడితే దెబ్బ నేరుగా కూర్చున్నవాళ్ళ నడుముకు తగులుతుంది. మీ బండికి లెక్క ప్రకారం వేయాల్సింది 195/55 టైరు అని చెప్పాను. మొదటి అంకె వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ నూటికి ఎంత ఉంటుందో చెప్పేది.

ఆవిడ ఆ బొమ్మలను చాలాసేపు చూసింది. ఎత్తూ పెరగాలి, దెబ్బా తగలకూడదు, అలాంటిది లేదా అని అడిగింది. ఎందుకు మేడం అంత పట్టుదల అన్నాను.

అప్పుడు చెప్పింది వాళ్ళ అక్క గురించి. ఇద్దరే ఉంటారు. అక్కకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. ఫిజియోథెరపీ కోసం వారం వారం పంజాగుట్ట తీసుకొస్తుంది. వాళ్ళ వీధిలో ఎవరికి వాళ్ళు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు. ఎంత మెల్లగా ఎక్కించినా బండి అడుగు తగులుతుంది. "తగిలినప్పుడల్లా తన వెన్నులో తగులుతుందమ్మా. నొప్పి అని చెప్పలేదు కదా. నాకు అద్దంలో ముఖం కనిపిస్తుంది," అంది.

ఒక దారి ఉంది. 205/60 వేస్తే పక్కగోడ పాతదంత మందంగా ఉంటుంది, బండి అర అంగుళం పైన లేస్తుంది. కానీ అది ఈ బండికి పెద్దది. మీటర్ అరవై చూపిస్తే బండి అరవై మూడు మీద ఉంటుంది. వెనక బరువుండి కుడివైపు గట్టిగా తిప్పితే బండి ఎడమకు ఒరుగుతుంది, ఎడమవైపు వెనక టైరు మడ్‌గార్డ్ లోపల రాసుకుంటుంది. ఇవన్నీ దాచకుండా చెప్పాను.

"రాసుకుంటే ఏమవుతుంది?"

"సప్పుడు వస్తది మేడం. ఎక్కువ రాసుకుంటే టైర్ కోసుకపోతది."

"శబ్దమే కదమ్మా. నేను శబ్దాలతోనే బతుకుతున్నాను," అంది.

యూసుఫ్ భాయ్ మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ కొంచెం కోశాడు. తనే వెనక ఎడమవైపు కూర్చొని నన్ను నడపమన్నాడు. ఫ్లైఓవర్ కింద యూ టర్న్ తీసుకునేటప్పుడు వినిపించింది. సిమెంటు గచ్చు మీద జరీ అంచు ఈడ్చుకుపోయినట్టు, సన్నగా, ఒక్క క్షణం. వాళ్ళ అక్క యూసుఫ్ భాయ్‌లో సగం కూడా ఉండదు కాబట్టి పర్వాలేదనుకున్నాం. వెనక ఒక్క మనిషికంటే ఎక్కించొద్దని, నెలకోసారి వచ్చి చూపించమని చెప్పి పంపాను.

అలా చూపించడానికి వచ్చినప్పుడే ఒకరోజు అది జరిగింది. బండి షాపు ముందు ఆగి ఉంది. నేను గాలి పైపు పట్టుకొని వెనక వైపు నుంచి వెళ్తున్నాను. కిటికీ అద్దాలు దించి ఉన్నాయి. లోపల ఇద్దరు ఆడవాళ్ళు గొడవపడుతున్నారు.

"ఇవాళ్టికి పెసరట్టుతో సరిపెట్టుకో."

"నిన్నా అదే, ఇవాళా అదేనా? నాకు ఇడ్లీ కావాలి. కారప్పొడితో."

రెండో గొంతు పెద్ద వయసుది. కాస్త బొంగురు, మాట చివర విసుగు, ఆ విసుగు కింద ముద్దు. నేను ఉన్నచోటే ఆగిపోయాను. ఎందుకంటే ఆ బండిలో మాట్లాడగలిగిన మనిషి ఒక్కరే.

వంగి చూశాను. పెద్దామె వెనక సీట్లో ఎడమవైపు దిండ్ల మధ్య కూర్చొని ఉంది. నోరు మూసే ఉంది. ఎడమ చెయ్యి ఎత్తి సీటు మీద గట్టిగా ఒక్కటి కొట్టింది. ముందు సీట్లోంచి మేడం అద్దంలో ఆమెనే చూస్తోంది.

"కాదా? సరే, వన్ మోర్," అంది. మళ్ళీ పెద్ద గొంతుతో, "ఇడ్లీ వద్దు. ఉప్మా చెయ్," అంది.

చెయ్యి మళ్ళీ కొట్టింది.

మేడం అద్దంలో అక్క ముఖం కాసేపు చూసింది. తర్వాత అదే బొంగురు గొంతు, ఈసారి విసుగు లేకుండా, "నాకేం వద్దే. ముందు నువ్వు తిను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు," అంది.

ఆ చెయ్యి ఈసారి లేవలేదు. సీటు మీద అలాగే పడి ఉంది. మేడం తల తిప్పుకొని కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ నేనున్నాను.

సిగ్గుపడలేదు. అక్క డైలాగులు తనే చెప్తానంది. తప్పయితే కొడుతుందట, స్టూడియోలో టేకు బాగోకపోతే ఇంకోసారి చెప్పమని వన్ మోర్ అంటారే, అలాగట, కొట్టకపోతే ఓకే అయినట్టట. అక్క గొంతు ఒకప్పుడు అచ్చం ఇలాగే ఉండేదట. డబ్బింగ్‌లో తనకు నేర్పిన మొదటి సంగతి ఒకటే అని కూడా చెప్పింది: పెదవి ఏం చెప్పిందో అదే చెప్పాలి, మన సొంతం కలపకూడదు. "మరి అక్క పెదవి కదలదు కదమ్మా. అందుకే చూసుకొని చూసుకొని చెప్తాను," అంది. వెనక నుంచి పెద్దామె నన్ను చూసి నవ్వింది. ముఖంలో సగమే నవ్వింది, ఆ సగం చాలా అందంగా ఉంది.

ఆ తర్వాత వాళ్ళు వచ్చినప్పుడల్లా నేను పెద్దామెతో మాట్లాడేదాన్ని, ఆమె జవాబు చెప్పేది. జవాబు ముందు సీట్లోంచి వస్తుందన్న సంగతి కొన్నాళ్ళకు మరిచిపోయాను. నా పెళ్ళి గురించి అడిగేది. షాపు బోర్డు రంగు బాగాలేదనేది. యూసుఫ్ భాయ్ సలాం చెప్తే, ఏం భాయ్ పొట్ట పెరిగిందని వెక్కిరించేది. చెయ్యి కదలకుండా ఉంటే అది ఆమె మాటే.

ఒక వానాకాలం మేడం ఒంటరిగా వచ్చింది. వెనక సీట్లో దిండ్లు లేవు. నేను అడగకముందే, అక్క వెళ్ళిపోయిందని చెప్పింది. ఎప్పుడని అడిగితే కొన్నాళ్ళయిందంది. గాలి చూడమంది. వెళ్ళేటప్పుడు, అడగాలా వద్దా అని ఆలోచించి ఆలోచించి అడిగినట్టు, "అమ్మా, వెనక ఎవరూ లేకపోయినా ఆ టైరు రాసుకుంటుందా?" అంది.

రాసుకోదన్నాను.

"రాసుకుంటోంది," అంది.

బండి తీసుకొని నేనొక్కదాన్నే ఒక చుట్టు తిరిగొచ్చాను. ఏ శబ్దమూ లేదు. ఆవిడను నడపమని నేను పక్కన కూర్చున్నాను. వాన తెరిపిచ్చింది. రోడ్డు మీద నీళ్ళు పక్కలకు చిమ్ముతున్నాయి. యూ టర్న్ దగ్గర ఆవిడ స్టీరింగ్ తిప్పుతూ అద్దంలోకి చూసింది. అప్పుడు వినిపించింది. గచ్చు మీద అంచు ఈడ్చినట్టు. వెనక్కి తిరిగి చూడబోయి ఆగిపోయాను. ఆవిడ విన్నావా అని అడగకుండా బండి షాపు వైపు పోనిచ్చింది.

షాపుకొచ్చి జాకీతో ఎత్తి చూస్తే ఎడమవైపు మడ్‌గార్డ్ లోపల రబ్బరు పొడి ఉంది, తాజాగా, నల్లగా. టైరు లోపలి అంచున గీతలు. యూసుఫ్ భాయ్ టార్చి వేసి చాలాసేపు చూసి, ఆ మూల స్ప్రింగు కుంగిందని చెప్పాడు. మిగతా మూడు మూలలూ బాగానే ఉన్నాయి. "ఒక్క మూలకే బరువు పడ్డది గదా మేడం ఇన్ని దినాలు. గా అమ్మ లేకున్నా బండి గట్లనే ఒరిగి ఉన్నది," అన్నాడు. నేను నడిపినప్పుడు ఎందుకు రాలేదని అడిగాను. నువ్వు మెల్లగా తిప్పుతవమ్మా అన్నాడు. అది నిజమో, నా ధైర్యం కోసం చెప్పాడో ఇప్పటికీ తెలియదు.

కారణం దొరికింది కదా అని నాకు ఊపిరొచ్చింది. స్ప్రింగు మార్చేద్దాం, టైర్లు కూడా మొదట అనుకున్న 195/55 వేసేద్దాం, ఇప్పుడు ఎత్తు అవసరం లేదు కదా అన్నాను. ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక గానీ ఎంత మోటుగా ఉందో తెలియలేదు. ఆవిడ తప్పు పట్టలేదు. వద్దు, ఇలాగే ఉండనీ అంది. టైరు కోసుకుపోతుంది మేడం అంటే, చూద్దాంలే అంది.

వాన మళ్ళీ మొదలైంది. వెళ్ళడానికి లేక లోపల నా బల్ల ముందు కూర్చుంది. ఫ్లాస్క్ మూతలో నీళ్ళు పోసుకుంది, తాగలేదు. రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. చివరి రోజుల్లో అక్కకు ఊపిరి ఆడక ఆసుపత్రిలో పెట్టింది. గొంతులో గొట్టం వెయ్యాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. మంచి మనిషే. ఆవిడ ఇష్టం ఏంటో మీకు తెలుసా అని మెల్లగా అడిగాడు. అక్కకు మెలకువ ఉంది. కళ్ళు తెరిచే ఉంది.

"నేను చెప్పేశానమ్మా. తనకి గొట్టాలు వద్దండి, ఇంటికి తీసుకెళ్ళమంటోంది అని. రోజూ చెప్పినట్టే చెప్పేశాను." మూతలోని నీళ్ళు తిరిగి ఫ్లాస్క్‌లో పోసింది. "సూది లాగేసుకుంటోందని ఎడమ చెయ్యి మంచానికి కట్టి ఉంది. ఆ కట్టు విప్పమని నేను అడగలేదు. ఇంటికి తెచ్చేలోపే పోయింది."

బయట ఎవరో బండి స్టార్ట్ చేశారు. ఆవిడ ఆ చప్పుడు అయిపోయే వరకు ఆగింది.

"అది తన మాటో నా మాటో నాకు తెలీదు. అలిసిపోయి ఉన్నాను. నా సొంతం కలిపానేమో. చెయ్యి ఖాళీగా ఉంటే కొట్టేదేమో. ఇప్పుడు ఆ శబ్దం వచ్చినప్పుడల్లా నాకు వన్ మోర్ అన్నట్టే ఉంటుందమ్మా. కానీ ఇంకోసారి ఏం చెప్పను? ఎవరికి చెప్పను?"

మా ఇంట్లో ఎవరైనా ఏడిస్తే చెయ్యి పట్టుకుంటాం. ఆవిడ ఏడవడం లేదు. టైర్ల గురించి మాట్లాడే నోటితో ఇంకేం మాట్లాడాలో నాకు తోచలేదు. "టైర్ మాత్రం జర చూసుకోండ్రి మేడం," అన్నాను. వాన తగ్గాక వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అక్క గొంతుతో ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ గొంతు మీద నాకు బెంగగా ఉండేది. పొద్దున టీ తాగుతుంటే, ఏం పిల్లా, ఇంకా పెళ్ళి చేసుకోలేదా అని వినిపించినట్టు ఉండేది. ఒకరోజు అలాగే గుర్తొచ్చి నవ్వుకుంటుంటే ఉన్నట్టుండి తట్టింది, పెద్దామె గొంతు నేను అసలెప్పుడూ వినలేదు. నేను బెంగపడుతున్నది ఎవరి గొంతు మీదో నాకే తెలియలేదు. షాపులోకి ఏ బండి మలుపు తిరిగి వచ్చినా చెవి ఆ శబ్దం కోసం వెతికేది. యూసుఫ్ భాయ్‌కి చెప్తే, అతనూ అంతేనన్నాడు.

రెండుసార్లు ఫోన్ చేశాను. వస్తానంది, రాలేదు. మూడోసారి ఆవిడే చేసింది. మధ్యాహ్నం. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగి వస్తున్నాను, టైరు పోయింది, రాగలవా అంది. గొంతులో తేడా లేదు. అందుకే ఏదో పంక్చరనుకున్నాను.

వెళ్ళేసరికి బండి గోడకు ఆనుకొని అడ్డంగా ఉంది. ఎడమవైపు వెనక టైరు లోపలి పక్క పూర్తిగా చీలిపోయి, దారాలు బయటికి వచ్చి, చక్రం రోడ్డు మీద ఆనింది. పక్కనే ఫుట్‌పాత్ మీద ఇరవై ఏళ్ళ అమ్మాయి కూర్చొని ఉంది. నుదుటి మీద చర్మం లేచి రక్తం కారుతోంది. డబ్బింగ్‌లో కొత్తగా చేరిందట, అమీర్‌పేట హాస్టల్లో ఉంటుందట. స్టూడియో దగ్గర ఆటో దొరక్క నిలబడితే మేడం దింపుతానంది. సంచులతో ఉంది కాబట్టి తనే వెనక తలుపు తీసుకొని ఎక్కి కూర్చుంది. అక్క పోయాక ఎవరినీ వెనక కూర్చోనివ్వని మనిషి, ఆ పిల్లను దిగమనలేకపోయింది.

మేడం నీళ్ళ కోసం రోడ్డు దాటినప్పుడు ఆ అమ్మాయి నాతో చెప్పింది. స్టూడియో నుంచి బయల్దేరిన దగ్గర్నుంచీ వెనక చక్రం దగ్గర గరగరమని శబ్దం వస్తూనే ఉందట. ప్రతి మలుపులో పెద్దదవుతోందట. "మేడం అద్దంలో నన్నే చూస్తూ, చెప్పు, ఏం కావాలో చెప్పు అంటున్నారక్కా. నాకేం వద్దు మేడం అన్నా. అయినా అడుగుతూనే ఉన్నారు. నన్ను కాదేమో అనిపించింది. భయమేసింది. ఆ తర్వాత ఒక్కసారి పేలింది."

మేడం తిరిగొచ్చింది. మెడలో స్కార్ఫ్ తీసి నీళ్ళలో తడిపి ఆ అమ్మాయి నుదురు తుడిచింది. స్కార్ఫ్ లేని ఆవిడ మెడ నేను చూసింది అప్పుడొక్కసారే. ముసలిదైపోయిందని నాకు ఆ మెడ చూసినప్పుడే తెలిసింది. నా వైపు తిరిగి, "మార్చెయ్యమ్మా. అన్నీ మార్చెయ్," అంది.

అన్నీ మార్చాం. నాలుగు టైర్లూ 195/55. ఆ మూల స్ప్రింగుతో పాటు జోడీగా అవతలిది కూడా. మడ్‌గార్డ్ లోపల ఒరిసిన చోట కొత్త ప్లాస్టిక్. యూసుఫ్ భాయ్ ఆ పని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే చేశాడు. అయ్యాక బండిని కాస్త దూరం నుంచి చూస్తే నాలుగు మూలలా సమంగా నిలబడి ఉంది. అలా నిలబడటం చూసి చాలా కాలమైంది. మేడం కూడా దూరంగా నిలబడి చూసింది. పాత స్ప్రింగు నేల మీద పడి ఉంటే దాన్ని చూసి చూడనట్టు దాటుకొని వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది.

సాయంత్రం అవుతోంది. ఎండ మెట్రో లైను మీంచి ఏటవాలుగా పడుతోంది. ఫ్లైఓవర్ కింద యూ టర్న్ తీసుకుంది. ఏమీ వినిపించలేదు. ఇంజిను, ఆటోలు, ఎవరిదో ఫోన్ పాట, అంతే. ముందుకు పోయి మళ్ళీ వెనక్కి వచ్చి అదే చోట తిప్పింది, ఈసారి గట్టిగా, ఫ్లాస్క్ దొర్లి నా కాళ్ళ దగ్గర పడేంత గట్టిగా. ఏమీ లేదు. ఇంకొక్కసారి తిప్పింది.

తర్వాత బండి పక్కకు తీసి, కొబ్బరిబొండాల బండి దగ్గర ఆపింది. ఇంజిన్ ఆపేసింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. అద్దంలోకి చూడలేదు.

"ఇక కాదనేవాళ్ళు లేరమ్మా," అంది. "డబ్బింగ్ థియేటర్లో అయితే అద్దం అవతల ఎవరో ఒకరు కూర్చొని ఓకే అంటారు. మన పని అయిపోతుంది. ఇక్కడ నేనే అనుకోవాలి."

నేను ఎదురుచూశాను. ఆ ఓకే అన్న మాట అప్పుడే, నా ముందే అనుకుంటుందని, నేను సాక్షిగా ఉంటానని ఎందుకో అనిపించింది. ఎవరో పెద్దాయన బొండంలో స్ట్రా వేసుకొని మా బానెట్‌కి ఆనుకోబోయి, లోపల మమ్మల్ని చూసి పక్కకు జరిగాడు.

"ఇక్కడ దిగిపోతావా అమ్మా? నాకు అమీర్‌పేటలో రికార్డింగ్ ఉంది," అంది.

నేను దిగాను. తలుపు వేస్తూ, ఒక వారం తర్వాత వచ్చి నట్లు బిగించుకొని పొమ్మని చెప్పాను. అలాగేనంది. వచ్చింది కూడా, తర్వాత చాలాసార్లు వచ్చింది. టైర్ల గురించి, ఎండల గురించి మాట్లాడేది. అక్క మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఆవిడ అంటే నాకు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

ఆ సాయంత్రం నేను దిగాక బండి కదిలి వెళ్ళి సిగ్నల్ దగ్గర అన్నిటికంటే ముందు ఆగింది. నేను రోడ్డుకు ఇవతల నిలబడి ఉన్నాను. పచ్చ లైటు పడింది. ఆవిడ బండి కదల్లేదు. వెనక ఆటోలు, బస్సు, అందరూ హారన్లు మొదలుపెట్టారు. బైకుల వాళ్ళు అటూ ఇటూ తప్పించుకొని, తల తిప్పి తిట్టుకుంటూ పోయారు. పచ్చ లైటు పోయి మళ్ళీ ఎర్రది వచ్చింది. పక్కనున్న వరసలన్నీ ఖాళీ అయి మళ్ళీ నిండాయి. ఆ తెల్ల బండి అక్కడే, గీత మీద, నాలుగు చక్రాల మీదా సమంగా నిలబడి ఉంది. ఇంకా ఆ ఓకే దగ్గరే ఆగిపోయిందేమో, పరుగెత్తుకు పోదామా అనుకున్నాను. పోయి ఏం చెప్పను?

రెండోసారి పచ్చ లైటు పడ్డాక, హారన్లు మళ్ళీ లేచాక, అది మెల్లగా కదిలింది. అమీర్‌పేట వైపు మెట్రో స్తంభాల నీడల్లో కాసేపు కనిపిస్తూ, కాసేపు కనిపించకుండా పోయింది.